‘లైను’ అను మాట

నేను తెలుగు పండితుడనుగా ఉద్యోగమున చేరి, చిత్తూరు సీమలోని కొన్ని ఉన్నత పాఠశాలలలో పనిచేసి, ప్రధానోపాధ్యాయుడనై విశ్రాంతి పొందినవాడను. తెలుగు పండితునకు ఇంగ్లీషు మాటతో పనియేమని మీరడుగవచ్చును. పల్లెటూరి పాఠశాలలో అట్టి పని తప్పదు. ఇంగ్లీషు మాస్టరుగారు సెలవు పెట్టిననాడు ఆ గంటకు తరగతిలోనికి పోవలసినవాడు చాలవరకు తెలుగు అయ్యవారే.

అట్టి ఒక దినమున ఎనిమిదవ తరగతి బాలబాలికలకు నాలుగైదు ఇంగ్లీషు వాక్యములను నల్లబల్లపై వ్రాసి, తెలుగు చేయుడంటిని. వానిలో నొకటి ‘డ్రాప్ మీ ఎ లైన్’ అనునది. వెనుక బల్లపై కూర్చున్న బాలుడొకడు అందరికంటె ముందుగా లేచి, “నాకొక గీతను పడవేయుము” అని చదివెను. తరగతి గొల్లుమనెను. వాడు మాత్రము నవ్వలేదు. తన చిన్న నిఘంటువును తెచ్చి, వ్రేలు పెట్టి చూపెను. ‘డ్రాప్’ అనగా పడవేయుట. ‘లైన్’ అనగా గీత. నిఘంటువు వాని పక్షముననే ఉన్నది.

అవి ఇంకను ఉత్తరములు వ్రాసికొను రోజులు. నేను వానినే అడిగితిని: “మీ అక్క అత్తవారింటికి పోవునప్పుడు మీ అమ్మ ఏమనును? ‘చేరినట్లు ఒక ముక్క వ్రాయవే’ అని అనదా? ఆ ముక్క ఏ ముక్క? బెల్లపు ముక్కయా, కొబ్బరి ముక్కయా?”

వాడు తల గోకికొని, “ఉత్తరం ముక్క సార్” అనెను.

“మనకు ముక్క యైనది వారికి లైను. అంతియే” అంటిని. అప్పుడు వాడును నవ్వెను.

ఆ నాటినుండి ఈ మాట ఎక్కడ వినబడినను నా చెవి అటు తిరుగును. మీరును ఒక ఉదయమున తిరుపతి బస్సు నిలయమునుండి గాంధీ రోడ్డు మీదుగా నడచిపొండు. ఎన్ని ‘లైనులు’ వినబడునో లెక్కింపుడు. బస్సెక్కువారిని కండక్టరు లైనుగా రమ్మనును. ఫోను చెవి నానించుకొన్నవాడు లైను కలియలేదని విసుగుకొనును. కరెంటు స్తంభమెక్కినవాడు లైన్‌మన్. కాఫీ హోటలులో ఇద్దరు పరిచయము చేసికొనుచు, “తమరేమి లైనులో ఉన్నారు?” “నేను బట్టల లైనండి” అందురు. కొడుకును మందలించు తండ్రి, “లైను దాటవద్దు” అనును. దర్జీ యంగడి మెట్లమీద ఒక ఇల్లాలు రవికకు లైనింగు వేయవలెనా వద్దా యని ఆలోచించుచుండును. వీరిలో ఎవ్వరును ఇంగ్లీషు మాటాడుచున్నామని అనుకొనరు. ఒకరి లైనునకు మరియొకరి లైనునకు పొత్తేమి యనియు ఆలోచింపరు.

పొత్తు కలదు. అది ఒక దారము.

మాటకు దారమును ఉపమానముగా చెప్పుచున్నాననుకొనవద్దు. నిజముగనే దారము. లాటిను భాషలో అవిసెకు ‘లీనుమ్’ అని పేరు. మన పెరళ్లలో ఆకుకూరకై పెంచు అవిసెచెట్టు వేరు. ఇది మొలబంటి యెత్తు పెరిగి నూనెగింజల నిచ్చు మొక్క. దాని కాడలనుండి తీసిన నారతో పేనిన దారము ‘లీనెయా’. ఆ మాటయే ఫ్రెంచివారి నోటను ఇంగ్లీషువారి నోటను నలిగి ‘లైను’ అయినది. అవిసెనార బట్టకు ‘లినెన్’ అనియు, అవిసె నూనెకు ‘లిన్‌సీడ్’ నూనె యనియు పేర్లు వచ్చుట కూడ ఈ మొక్కవలననే. పూర్వము ఐరోపాలో పైబట్టకు లోపలివైపున మెత్తని అవిసెనార బట్టను వేసి కుట్టెడివారు. ఆ పని ‘లైనింగు’ అయినది. కావున గాంధీ రోడ్డులోని లైనులన్నిటిలోను ముసలిది దర్జీ యంగడిలోనిదే. అక్కడ గీతయు లేదు, వరుసయు లేదు. మొదటనున్న నారబట్టయే యున్నది. ఆ ఇల్లాలికి గాని దర్జీకి గాని ఈ సంగతి తెలియనక్కర లేదు. రవిక చక్కగా కుదిరిన చాలును.

దారము గీతగా నెట్లు మారెనో గ్రంథములలో వెదకనేల? మీ వీధిలో ఎవరైన ఇల్లు కట్టించుచున్నచో పోయి చూడుడు. తాపీమేస్త్రి గోడ రెండు కొసలయందును మేకులు నాటి, నూలుదారమును బిగించి కట్టి, దాని వెంబడి ఇటుకలు పేర్చును. వడ్రంగి ఇంకొక చక్కని పని చేయును. దారమునకు రంగు పూసి, పలకమీద రెండు కొసలను అదిమిపట్టి, నడుమ వ్రేళ్లతో పైకెత్తి విడుచును. ‘టప్’ మని చప్పుడగును. దారము తీసివేసిన పిమ్మట పలకపై తిన్నని గీత మిగులును. నేను చిన్ననాట వడ్రంగుల కొట్టము ముందు గంటలకొలది నిలిచి చూచిన విద్య యిది. నా శిష్యునివలె ‘గీతను పడవేయుట’ అనవలెనన్నచో అది ఆ వడ్రంగికే చెల్లును.

మన పెద్దలకును ఈ దారముతో పరిచయము తక్కువ కాదు. సంస్కృతమున ‘సూత్రము’ అన్న దారమే. మంగళసూత్రమున ఆ అర్థము నేటికిని నిలిచియున్నది. సూత్రధారుడు నాటకము నడపువాడని మీరు చదివియుందురు. ఆ మాటకు వడ్రంగి యను అర్థము కూడ కలదు. దారము చేతబట్టినవాడు కదా! కాని ఇంగ్లీషువారి దారము గీతవైపు పోగా, మన దారము నియమమువైపు పోయినది. పాణిని వ్యాకరణ సూత్రములు, మీ గణిత పుస్తకములోని సూత్రములు అట్లు వచ్చినవే. ఒకే వస్తువును చూచిన రెండు జాతులవారు రెండు వేరు తలంపులకు పోయిరి. వీరు గొప్ప, వారు తక్కువ అని ఇందు చెప్పవలసిన పని లేదు.

గీత యన్నప్పుడు శ్రీకాళహస్తిని తలపక ఉండలేను. అక్కడి కలంకారీ పనివారు ముతక నూలుబట్టను కరక్కాయ రసము కలిపిన పాలలో తడిపి ఆరవేయుదురు. వెదురుపుల్ల కొనయందు గుడ్డపేలికయో ఉన్నియో చుట్టి దారముతో కట్టినదే వారి కలము. త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో ఊరవేసి నలుపు రంగును తీయుదురు. కలమును ఆ రంగులో ముంచి, చుట్టిన పేలికను మెల్లగా నొక్కుచు గీత గీయుదురు. ఆ నలుపు కరక్కాయ పట్టిన బట్టమీద పడిన క్షణమునుండి మరి పోదు. చెరపి దిద్దుటకు రబ్బరు పనిచేయదు. రాముని కన్నును, హనుమంతుని తోకను అట్లు ఒక్క చేతితో తీర్చు పనివానిని చూచుచు నేనొకనాడు నా రైలు పోగొట్టుకొంటిని. ఆ పట్టణమున ఆ పనిని ‘వ్రాయుట’ అని యందురు. బొమ్మను గీయరు, వ్రాయుదురు. ‘వ్రాయసము’ అన్న మాటలో ఎంత గౌరవమున్నదో అంత గౌరవము ఆ పనికి కలదు.

ఇక వరుస సంగతి. లైను అను ఒక్క మాటతో ఇంగ్లీషువాడు గడుపుకొనుచోట మన తెలుగు రైతు ఎన్ని మాటలు వాడునో చూడుడు. చీమలు పోవునది బారు. నాగలి తీసినది చాలు. వేరుసెనగ విత్తునప్పుడు చాలు చెడిన పైరు చెడునని మా నాయన అనెడివాడు. కొంగలు ఎగురునది బారు కట్టి. దీపములను పేర్చినది ఆవళి. దీపావళి యన్న పండుగపేరే దీపముల లైను. పద్యములోనిది పాదము. పెదవిపై నవ్వుది రేఖ. మేకపిల్ల వీపుమీదిది చార. పొలమునకున్నది గట్టు. ఊరికున్నది పొలిమేర. ఇవి యన్నియు ‘లైను’ అనిపించుకొన్ననాడు మాటాడువానికి శ్రమ తగ్గును గాని, వినువాని కంటికి కొంగలును చీమలును ఒక్కటే యగును. పిల్లలు పరీక్షలో “చీమలు లైనుగా పోవుచున్నవి” అని వ్రాసినప్పుడు నేను మార్కు తగ్గింపలేదు. ప్రక్కన ఎఱ్ఱసిరాతో ‘బారులు తీరి’ అని మాత్రము వ్రాసెడివాడను.

‘వరుస’ అను మాటకు మరియొక సొగసు కలదు. పెండ్లిలో కలిసిన ముసలమ్మలు, “నీవు మాకేమి వరుసవుతావు నాయనా?” అని అడుగుదురు. ఇంగ్లీషువారును రాజుల వంశమును లైను అందురు. ఆ పోలిక వింతగా నుండును. సంస్కృతమువారు మాత్రము అచ్చట వెదురును చూచిరి. వంశమన్న వెదురు, కణుపుమీద కణుపు పెరుగునది కదా.

వీనిలో ‘పంక్తి’ యన్నది నాకు మిక్కిలి బరువైన మాట. పంచ శబ్దమునకు అది దగ్గరి చుట్టము. ఛందస్సులో పాదమునకు పది అక్షరములున్న దానికి పంక్తి యని పేరు. అందుచేతనే రావణుడు పంక్తికంఠుడు, దశరథుడు పంక్తిరథుడు అయిరి. ఇంతవరకు ముచ్చటగనే యున్నది. కాని భోజనమున కూర్చున్న వరుసకును పంక్తి యనియే పేరు. ఆ వరుసలో కూర్చుండ తగనివాడని త్రోయబడినవానికి ‘పంక్తిబాహ్యుడు’ అను ఒక మాటయే పుట్టినది. నిఘంటువులో అది నేటికిని ఉన్నది. నా బాల్యమున ఒక పెండ్లిలో, మా తరగతిలో నాకంటె చక్కగా లెక్కలు చేయు మిత్రుడొకడు పందిరి వెలుపల చెట్టుక్రింద ఆకు వేసికొని కూర్చుండుట చూచితిని. పందిరిలోనిది ఒక వరుస, చెట్టుక్రిందిది ఒక వరుస. రెంటికిని ఒకే పప్పు, ఒకే పాయసము. నడుమ గీత గీచినవాడెవ్వడును లేడు, అయినను అందరికిని ఆ గీత కనబడుచునే యుండెను. వాడు పాయసము తినక లేచిపోయెను.

తిరుమలలో 1985లో నిత్యాన్నదానము మొదలైనది. ఇప్పుడది తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నప్రసాద భవనమున జరుగుచున్నది. వెంగమాంబ 18వ శతాబ్దమున మన సీమలోని తరిగొండలో పుట్టిన కవయిత్రి. ఆ భవనమున నేను ఎన్నియో మారులు భుజించితిని. తలుపు తెరచినంతనే జనము లోనికి వచ్చి, దొరికిన చోట వరుసగా కూర్చుందురు. నా ప్రక్కవాడెవడో నేనెరుగను, నేనెవడనో వాడెరుగడు. సాంబారు బకెట్టు తెచ్చువాడు ఆకును చూచును గాని ముఖమును చూడడు. అక్కడ కూర్చున్నప్పుడెల్ల చెట్టుక్రింది మిత్రుడు నాకు జ్ఞప్తికి వచ్చును.

రైలు లైనును గూర్చి చెప్పుటకు పెద్దగా లేదు. పాకాల జంక్షనులో నిలిచినచో ఒక లైను తిరుపతికి, ఒకటి కాట్పాడికి, ఒకటి ధర్మవరమునకు పోవుట చూడవచ్చును. ఒకప్పుడు అవి పట్టాల నడుమ సరిగా ఒక మీటరు వెడల్పున్న మీటరు గేజి లైనులు. ఇప్పటివి 1,676 మిల్లీమీటర్ల బ్రాడు గేజివి. ఇంతకంటె చెప్పవలసినది ఇంకొక లైనును గూర్చి. అది నేలమీద లేదు, కాగితము మీదనే యున్నది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లా అందు చేరినది. మద్రాసు రాష్ట్రమునకును మనకును ఎల్ల ఎచ్చట నుండవలెనను తగవు మిగిలిపోయెను. హరి వినాయక పటాస్కరు మధ్యవర్తియై విచారించి తీర్పు చెప్పెను. పార్లమెంటు 1959లో చట్టము చేసెను. 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి తాలూకాలో చాలభాగము మద్రాసు రాష్ట్రమునకు పోయినది. చెంగల్పట్టు జిల్లానుండి సత్యవేడు ప్రాంతము మనకు వచ్చినది. నేను పుట్టిన సంవత్సరమది. తిరుత్తణి వైపు పల్లెలో కాపురమున్న మా పెద్దమ్మ ఆ మాట వచ్చినప్పుడెల్ల, “నేనూ కదల్లేదు, నా ఇల్లూ కదల్లేదు, జిల్లా ఎట్ల మారిపోయె?” అని అడిగెడిది. సమాధానము చెప్పగలవారు మా యింట లేకపోయిరి. ఆమె పొలము కాగితములు క్రొత్తగా తమిళమున వచ్చెను. తెలుగు మాత్రమే చదువ నేర్చిన ఆమె వానిని కొంగున ముడివేసికొని, చదివి చెప్పువారిని వెదకికొనుచు తిరిగెడిది.

పటములో అది ఒక సన్నని గీత. దానిని ఏమని తెలిగించవలెను? ‘గీత’ యన్నచో పెద్దమ్మ పొలము అందు కనబడదు. ‘సరిహద్దు’ అన్నచో కొంత కనబడును. ‘ఎల్ల’ అన్న పాతమాట మంచిది. తమిళమునను అది ‘ఎల్లై’. గీతకు ఇరుప్రక్కలనున్న వారును గీతను ఒకే మాటతో పిలుచుచున్నారన్నమాట. రేణిగుంటనుండి అరక్కోణము పోవు రైలు పుత్తూరు, నగరి దాటి ఆ ఎల్లను ఆగకయే దాటిపోవును. కిటికీ ప్రక్కన కూర్చున్నచో ఊళ్ల పేర్ల బోర్డులపై అక్షరములు మారుట తప్ప మరియేమియు తెలియదు. తిరుత్తణి అంగడిలో నేటికిని తెలుగు వినబడును. నగరిలోను సత్యవేడులోను తమిళము వినబడును. ఆడికృత్తికకు కావడులు మోసికొని మనవారు తిరుత్తణి కొండకు పోవుచునే యున్నారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరు జిల్లా యైనప్పుడు మరియొక గీత పడినది. అప్పటికి పెద్దమ్మ లేదు.

కడపట వచ్చిన లైను ‘ఆన్‌లైను’. కంప్యూటరు తీగకు తగిలియున్నదను అర్థమున ఆ మాట పుట్టినది. తీగయు ఒక విధమైన దారమే కదా. ఇప్పుడు తీగ లేకయే పని జరుగుచున్నను పేరు మారలేదు. మీకు ఈ మాట ఉగ్గుపాలతో వచ్చినది. అందరికిని అట్లు రాలేదు.

నేను విశ్రాంతి పొందిన తరువాత ఒకనాటి వేకువను తిరుపతిలో నడచుచుండగా, ఒక ముసలమ్మ చేతిసంచితో నన్నాపెను. పీలేరు వైపు పల్లెనుండి ఒంటరిగా వచ్చినదట. మూడు వందల రూపాయల దర్శనము టికెట్టు కావలెనని ఎవరినో అడుగగా, వారు ‘ఆన్‌లైనులో తీసికోవలె’ నని చెప్పి తమ దారిని పోయిరి. ఆమె అప్పటికి రెండు గంటలనుండి ఆ లైనును వెదకుచున్నది.

“ఆ లైను యాడుండాది నాయనా? చెబితే నేనూ పోయి నిలబడుకుంటా” అనెను.

నాకు నవ్వు రాలేదు. ఆమె మాటను సరిగనే అర్థము చేసికొన్నది. ఆమె యెరిగిన లైనుకు తల యుండును, తోక యుండును. వెనుక వచ్చినవారు తోకలో చేరుదురు. ఇంగ్లీషువారు అట్టి బారునకు పెట్టుకొన్న ‘క్యూ’ అను పేరు ఫ్రెంచి భాషలో తోక యనియే అర్థము. తలయు తోకయు లేని లైనుండునని ఆమెకు చెప్పవలసినవారు చెప్పలేదు. మీ యిండ్లలో అవ్వలకు, తాతలకు ఈ మాటను వాడునప్పుడు మీరైనను ఒక నిమిషము నిలిచి విప్పి చెప్పుడు. “ఫోనులోనే టికెట్టు కొనవలె, ముందుగానే కొనవలె, నేను కొని పెట్టెదను” అన్నచో ఎవరికైనను తెలియును. మూడు చిన్న వాక్యములు. ఇంగ్లీషు మాట ఒక్కటియు అక్కరలేదు, ఫోను, టికెట్టు తప్ప. ఆ రెండును ఎప్పుడో మనవైపోయినవి.

నేనామెకు అట్లే చెప్పితిని. నెలల ముందే ఆ టికెట్లు అయిపోవునని చెప్పుట కష్టమాయెను. పిమ్మట, ఉచిత దర్శనపు టోకెన్లు చేతికిచ్చు చోటు ఒకటి కలదనియు, అక్కడ నిజముగా నిలుచుండు లైనే యున్నదనియు చెప్పి తోడుకొని పోయితిని. ఇనుప కమ్మీల నడుమ జనము అప్పటికే వంకరలు తిరిగి నిలిచియుండిరి. ముసలమ్మ కమ్మీని పట్టుకొని, చివరనున్న ఒక పడుచును భుజముమీద తట్టి, “ఇది లైనేనా అమ్మా?” అని అడిగెను.

ఆ పిల్ల తన మూటను కాలితో కొంచెము ముందుకు జరిపి, “లైనే అవ్వా, నా వెనకాల నిలబడుకో” అనెను.